డిటెక్టర్ పరీక్షకు పలచటి ఏరోసాల్ ఎలా తయారు చేసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. లేజర్ డయోడ్, ఫోటోడయోడ్ పెట్టి సొంతంగా ఒక కణాల డిటెక్టర్ కట్టారు. 0.3 నుంచి 10 మైక్రాన్ల కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలని మీ ఉద్దేశం. పరీక్షకు సీసీకి (ఘన సెంటీమీటరుకు) 1 నుంచి 100 కణాలు తేలే గాలి, అంటే పలచటి ఏరోసాల్, కనీసం అరగంట పాటు నిలకడగా కావాలి. అగ్గిపుల్ల పొగ పెడితే సిగ్నల్ పైకెళ్లి అక్కడే కూర్చుంటోంది. అల్ట్రాసోనిక్ హ్యుమిడిఫయర్ పెడితే అంకెలు ఒక నిమిషం వందల్లో, మరో నిమిషం సున్నాలో. ఇంత తక్కువ కణాలు పుట్టించే జనరేటర్ ఏదైనా ఉందా, తక్కువ ఖర్చులో అయ్యే దారి ఉందా అని అడిగారు.

ముందు ఒక విషయం గమనించండి. మామూలు గది గాలిలోనే 0.3 మైక్రాన్లు దాటిన కణాలు సీసీకి పదుల నుంచి వందల దాకా ఉంటాయి. అంటే మీరు కోరుతున్న గాలి మీరు పీలుస్తున్న గాలి కన్నా శుభ్రమైనది. తక్కువ కణాలు వదిలే యంత్రం దొరికినా దాన్ని మామూలు గాలిలో పెడితే ఆ కణాలు గది కణాల్లో కలిసి కనబడకుండా పోతాయి. కాబట్టి అసలు పని మూడు ముక్కలు: కణాల్లేని గాలి సంపాదించడం, కావాల్సినదాని కన్నా చాలా ఎక్కువ కణాలను నిలకడగా పుట్టించడం, ఆ రెండింటినీ తెలిసిన నిష్పత్తిలో కలపడం. చివరికి ఎంత వచ్చిందో చెప్పాల్సింది పక్కనే పెట్టిన రిఫరెన్స్ కౌంటర్, అంటే ముందే కాలిబ్రేట్ చేసి ఉన్న నమ్మకమైన కణాల కౌంటర్. జనరేటర్ సెట్టింగును బట్టి గాఢతను ఊహించుకున్నవాళ్లెవరూ రెండోసారి అదే ఫలితం రాబట్టడం నేను చూడలేదు.

పొగ ఎందుకు కుదరలేదో చూద్దాం. పొగ పుట్టే చోట సీసీకి పది లక్షలు, అంతకు మించి కణాలు ఉంటాయి. ఆ రద్దీలో కణాలు ఒకదాన్నొకటి గుద్దుకుని అంటుకుపోతాయి. పది లక్షల దగ్గర ఇలా సంఖ్య సగమవడానికి సుమారు పావుగంట నుంచి అరగంట చాలు. తగ్గినకొద్దీ మిగిలినవి లావెక్కుతాయి. గాఢతా మారుతోంది, సైజూ మారుతోంది, ఇక దేన్ని కొలుస్తాం? అదే గాలిని ముందే సీసీకి వెయ్యికి పలచన చేస్తే, అంటుకోవడం వల్ల సగమవడానికి పది రోజులకు పైనే పడుతుంది. అంటే దాన్ని మర్చిపోవచ్చు. పైగా పొగలో తారు ఉంటుంది, లెన్సు మీద పొరలా పడుతుంది. సెన్సార్ బతికుందో లేదో చూడటానికి పొగ సరే, కొలతకు వద్దు.

హ్యుమిడిఫయర్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1.7 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే అల్ట్రాసోనిక్ బిళ్ల సుమారు 3 మైక్రాన్ల చుక్కలు విసురుతుంది. పొడి గాలిలో అంత చిన్న చుక్క ఆరిపోవడానికి సెకనులో పదోవంతు కూడా పట్టదు. ఆరాక మిగిలేది నీటిలో కరిగి ఉన్న లవణం. లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలున్న కొళాయి నీళ్లయితే 3 మైక్రాన్ల చుక్క ఆరి సుమారు 0.16 మైక్రాన్ల గింజ అవుతుంది. మీ డిటెక్టర్‌కు అది కనిపించదు. 6 మైక్రాన్ల చుక్క మిగిల్చే గింజ 0.3 దగ్గర, సరిగ్గా మీ గీత మీద పడుతుంది. తేమ పెరిగి చుక్క ఆరకముందే డిటెక్టర్‌లోకి వచ్చిందంటే 3 మైక్రాన్ల కణంగా లెక్కకొస్తుంది. వందలు, సున్నా, మళ్లీ వందలు అని మీరు చూసింది కణాల సంఖ్యలో మార్పు కాకపోవచ్చు. గదిలో తేమ మారుతుంటే అదే తుంపర ఇలా రెండు రకాలుగా కనిపిస్తుంది.

చుక్క నుంచి కణం సైజు లెక్కకట్టే సూత్రం తేలిక, గుర్తుపెట్టుకోండి: చుక్క వ్యాసాన్ని, అందులో ఘనపదార్థం ఆక్రమించిన ఘనపరిమాణపు భాగానికి ఘనమూలం తీసి గుణించడమే. లీటరు నీటిలో 1 గ్రాము ఉప్పు కలిపితే 4 మైక్రాన్ల చుక్క సుమారు 0.3 మైక్రాన్ల గింజనిస్తుంది. 35 గ్రాములు కలిపితే 1 మైక్రాన్. ఘనమూలం వల్ల ఉప్పు తూకంలో కాస్త తేడా వచ్చినా సైజు పెద్దగా మారదు, అది మనకు మంచిదే. కానీ చుక్కలే రకరకాల సైజుల్లో ఉంటాయి కాబట్టి గింజలూ రకరకాలుగా వస్తాయి. గాఢత పరీక్షకు ఉప్పు చాలు, సైజు పరీక్షకు చాలదు.

ఏది చేసేముందైనా సున్నా చూసుకోండి. డిటెక్టర్ ముక్కుకు హెపా ఫిల్టర్ (సన్నటి కణాలను దాదాపు పూర్తిగా ఆపేది) తగిలించి గంట సేపు వదిలేయండి. నిమిషానికి 1 లీటరు పీలుస్తూ గంటలో ఒక్క లెక్క కూడా రాకపోతే, తప్పుడు లెక్కలు 60 లీటర్లకు 3 కన్నా తక్కువని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. అంటే ఘనమీటరుకు 50 లోపు. సున్నా వచ్చింది కదా అని 'తప్పుడు లెక్కలు లేవు' అని రాయడం సరికాదు, ఎంతసేపు చూశారో దాన్నిబట్టే హద్దు చెప్పాలి. ఒకవేళ లెక్కలు వస్తుంటే లేజర్ కరెంటు తగ్గించి చూడండి, పంపు ఆపి చూడండి. పంపు ఆగినా వస్తుంటే అది ఎలక్ట్రానిక్స్ గొడవ. పంపు నడిచినప్పుడే వస్తుంటే లీకు, లేదా లోపల అంటుకున్న దుమ్ము ఊడి రావడం. ఈ సున్నా కుదరకుండా ముందుకెళ్లకండి, తర్వాత వచ్చే ప్రతి అంకెలో అది కలుస్తుంది.

ఇక శుభ్రమైన గాలినీ కణాలనూ కలిపే డబ్బా. 60 లీటర్ల పెట్టె, ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకుందాం. లోహపు పెట్టె అయితే హాయి. ప్లాస్టిక్ లేదా అక్రిలిక్ అయితే లోపల అల్యూమినియం ఫాయిల్ అంటించి ఎర్త్ చేయండి, ఎందుకంటే స్టాటిక్ పట్టిన గోడ కణాలను లాగేసుకుంటుంది, పైగా ఆ లాగడం రోజుకో తీరుగా ఉంటుంది. లోపల చిన్న ఫ్యాన్ ఒకటి మెల్లగా తిరగాలి, గాలి అంతా ఒకేలా కలవడానికి. హెపా ఫిల్టర్ దాటిన గాలిని నిమిషానికి ఇన్ని లీటర్లని ఫ్లో మీటర్‌తో కొలిచి లోపలికి పంపండి. ఈ గాలి, లోపలి గాలిని పీల్చే పరికరాలన్నిటి మొత్తం కన్నా ఎక్కువ ఉండాలి. మీ డిటెక్టర్ 1 లీటరు, రిఫరెన్స్ 2.83 లీటర్లు పీలుస్తుంటే నిమిషానికి 6 లీటర్లు పంపండి. మిగిలింది ఒక ఫిల్టర్ గుండా బయటికి పోనివ్వండి. తక్కువ పంపితే పెట్టె ప్రతి సందులోంచీ గది గాలిని లాక్కుంటుంది, మీరు గది గాలినే కొలుస్తూ కూర్చుంటారు.

కణాల మూలానికి నా మొదటి ఎంపిక పీఎస్‌ఎల్, అంటే పాలీస్టైరిన్ లేటెక్స్ గోళాలు. ఒకే సైజు, గుండ్రటివి, సాంద్రత 1.05, వక్రీభవన గుణకం 1.59. ఆప్టికల్ కౌంటర్ల కాలిబ్రేషన్ వీటితోనే జరుగుతుంది. వీటిని నీటిలో కలిపి మెడికల్ జెట్ నెబ్యులైజర్‌తో తుంపర చేయొచ్చు. 1 శాతం ఘనపదార్థం ఉన్న 1 మైక్రాన్ గోళాల సీసాలో ఒక మిల్లీలీటరుకు సుమారు 1,800 కోట్ల గోళాలు ఉంటాయి. దాన్ని వెయ్యి రెట్లు పలచన చేస్తే 1.8 కోట్లు. నెబ్యులైజర్ నిమిషానికి 0.1 మిల్లీలీటరు తుంపర చేస్తూ 6 లీటర్ల గాలి వాడితే, సీసీకి 300 గోళాలు. చూశారా, పలచన సగం సీసాలోనే అయిపోయింది. లిక్విడ్‌లో పలచన చేయడం గాలిలో చేయడం కన్నా చవక, కచ్చితం కూడా.

నీటిలో అంత పలచన చేయడానికి ఇంకో కారణం ఉంది. ఒక చుక్కలో రెండు గోళాలు దూరితే ఆరాక అవి అతుక్కుని ఒక పెద్ద కణంగా కనిపిస్తాయి. చుక్కకు సగటున 0.1 గోళం ఉంటే, గోళమున్న చుక్కల్లో 95 శాతం ఒంటివి, 5 శాతం జంటలు, గుంపులు. నిజానికి పెద్ద చుక్కల్లో ఎక్కువ దూరతాయి కాబట్టి పరిస్థితి ఇంకా అధ్వానం. ఈ లెక్కను ఏరోసాల్ శాస్త్రవేత్త రాబే 1968లోనే కట్టి పెట్టాడు. మన ఉదాహరణలో 4 మైక్రాన్ల చుక్కకు సగటున 0.0006 గోళమే, జంటల టెన్షన్ లేదు.

కానీ దానికి మూల్యం ఒకటి ఉంది, చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. అలా అయితే 1,600 చుక్కల్లో ఒక్క దానిలోనే గోళం ఉంది. మిగతావన్నీ ఖాళీ చుక్కలు, ఆరి నలుసులుగా మిగులుతాయి. లెక్క వేస్తే సీసీకి 300 గోళాల పక్కన 5 లక్షల నలుసులు! నీటిలో మలినం పది లక్షల్లో ఒక వంతు ఉంటే ఒక్కో నలుసు 0.04 మైక్రాన్లు. మీ డిటెక్టర్ వాటిని విడిగా చూడలేదు కాబట్టి నష్టం లేదనుకోవచ్చు. కానీ రెండు చోట్ల నష్టం ఉంది. ఒకటి, కండెన్సేషన్ పార్టికల్ కౌంటర్‌ను (కణాల మీద ఆవిరిని పట్టించి పెద్దవి చేసి లెక్కపెట్టేది) రిఫరెన్స్‌గా తగిలిస్తే అది నలుసులన్నిటినీ లెక్కపెట్టి లక్షలు చూపిస్తుంది. మధ్యలో సైజును బట్టి వేరుచేసే పరికరం లేకుండా ఈ పనికి దాన్ని వాడకూడదు. రెండు, కొళాయి నీళ్లు వాడితే ఈ నలుసులు 0.2, 0.3 దాకా ఎదిగి మీ చిన్న చానల్లోకి (అతి చిన్న సైజు కణాలను లెక్కపెట్టే గడిలోకి) చొరబడతాయి. అందుకే అల్ట్రాప్యూర్ నీరే వాడాలి. ప్రతి పరీక్షకు ముందు గోళాలు కలపని ఉత్త నీటిని అదే నెబ్యులైజర్‌తో తుంపర చేసి, మీ చానళ్లలో ఎంత వస్తుందో రాసుకోండి. అది మీ అసలు బ్లాంక్, అంటే గోళాలు లేకుండానే వచ్చే లెక్క.

నెబ్యులైజర్ గురించి కొన్ని. నీరు ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి కప్పులో మిగిలిన ద్రవం చిక్కబడుతుంది, చల్లబడుతుంది కూడా. మొదటి కొన్ని నిమిషాల గాలిని వాడకండి, కప్పు అడుగంటేదాకా నడపకండి. పిస్టన్ కంప్రెసర్ అయితే గాలి కుదుపులతో వస్తుంది, మధ్యలో ఒక ఖాళీ సీసా పెడితే సర్దుకుంటుంది. కంప్రెసర్ నూనె ఆవిరి తుంపరలోకి రాకుండా ఫిల్టర్ తప్పదు. గోళాల సీసాను ఫ్రిజ్‌లో పెట్టండి కానీ గడ్డ కట్టనివ్వకండి, గడ్డ కడితే గోళాలు ముద్దలవుతాయి. వాడేముందు అల్ట్రాసోనిక్ స్నానంలో కాసేపు ఉంచండి. పలచన చేసిన ద్రవాన్ని దాచుకోకండి, ఏ రోజుది ఆ రోజే.

తుంపర తర్వాత ఆరబెట్టాలి. సిలికా జెల్ మధ్యలో వలగొట్టం పెట్టి, అందులోంచి తుంపరను పోనిస్తే చాలు. కణాలు సిలికాకు తగలవు, ఆవిరి మాత్రం పక్కలకు పోతుంది. ఉప్పు వాడుతుంటే తేమ 40 శాతం లోపుకు దిగాలి. ఎందుకంటే ఉప్పు చుక్క 45 శాతం దగ్గరకు వచ్చేదాకా స్ఫటికంగా మారదు. మళ్లీ 75 శాతం దాటితే నీరు తాగి చుక్కైపోతుంది. పీఎస్‌ఎల్‌తో ఈ గొడవ లేదు కానీ, తడి గోళం పొడి గోళం కన్నా పెద్దగా కనిపిస్తుందన్నది మర్చిపోవద్దు. డబ్బాలో ఒక తేమ మీటర్ పెట్టండి.

తుంపర కణాలకు విద్యుదావేశం పడుతుంది. దాన్ని తగ్గించడానికి ప్రయోగశాలల్లో క్రిప్టాన్-85 లాంటి రేడియోధార్మిక మూలం గానీ, సాఫ్ట్ ఎక్స్‌రే గానీ వాడతారు. మొదటిదానికి అనుమతులు కావాలి, రెండోది ఖరీదు. మీ అవసరానికి లోహపు పెట్టె, పొట్టి లోహపు గొట్టాలు లేదా కార్బన్ కలిపిన నల్లటి సిలికాన్ ట్యూబ్ చాలు. టెఫ్లాన్, మామూలు పీవీసీ ట్యూబులు పక్కన పెట్టేయండి. ఆవేశం తగ్గించే అలాంటి పరికరం (న్యూట్రలైజర్) లేకపోయినా మీరూ రిఫరెన్సూ ఒకే డబ్బాలోంచి, ఒకే పొడవు ట్యూబులతో తీసుకుంటే ఆవేశం వల్ల పోయేది ఇద్దరికీ దాదాపు ఒకేలా పోతుంది.

నిలకడ గాఢత కావాలంటే పలచన ఇలా కుదురుతుంది. నెబ్యులైజర్ నుంచి వచ్చే సీసీకి 300 కణాల గాలిలో చాలా భాగాన్ని ఫిల్టర్ గుండా పారబోయండి. సన్నటి కేపిల్లరీ గొట్టం గుండా నిమిషానికి 0.2 లీటరు మాత్రమే తీసుకుని 20 లీటర్ల శుభ్రమైన గాలిలో కలపండి. సీసీకి 3 కణాలు వస్తాయి. 60 లీటర్ల డబ్బాలో ఈ ప్రవాహం కుదుటపడటానికి సుమారు 9 నిమిషాలు పడుతుంది. డబ్బా పరిమాణాన్ని ప్రవాహంతో భాగిస్తే 3 నిమిషాలు, దానికి మూడింతలు ఆగితే 95 శాతానికి చేరినట్టు. వంద రెట్లకు మించి పలచన కావాలంటే ఒకే దెబ్బలో చేయకుండా రెండు మెట్లలో చేయండి. పలచన నిష్పత్తిని సరిచూడటానికి కార్బన్ డయాక్సైడ్ వాయువును అదే దారిలో పంపి ముందూ వెనకా మీటర్‌తో కొలిచే పద్ధతి ఉంది. బాగానే పనిచేస్తుంది, కానీ కేపిల్లరీలో పెద్ద కణాలు రాలిపోయే సంగతి అది చెప్పదు. వాయువుకు బరువు భయం లేదు కదా.

ఇంతా చెప్పి, మీ స్థానంలో నేనైతే నిలకడ గాఢత వెంట పడను. తగ్గుదల పద్ధతి వాడతాను. డబ్బాలో కణాలను సీసీకి వెయ్యి దాకా నింపి (దీనికి గోళాలను నీటిలో మునుపటి కన్నా చిక్కగా కలుపుకోవాలి), మూలాన్ని ఆపేసి, శుభ్రమైన గాలిని నిమిషానికి 6 లీటర్ల చొప్పున పంపిస్తూ కూర్చోవడమే. 60 లీటర్లను 6తో భాగిస్తే 10 నిమిషాలు. ప్రతి 23 నిమిషాలకు గాఢత పదోవంతు అవుతుంది. గంటా పదిహేను నిమిషాల్లోపు వెయ్యి నుంచి ఒకటి దాకా, మీరు అడిగిన పరిధి అంతా ఒక్క ప్రయోగంలో వచ్చేస్తుంది. మూలం నిలకడగా ఉండాల్సిన పనే లేదు, అది ఆగిపోయింది కదా. మొదట్లో ఎన్ని కణాలున్నాయో కూడా ముందే తెలియనక్కర్లేదు.

ఈ తగ్గుదలను సెమీలాగ్ కాగితం (గాఢత అక్షం మీద ఒక్కో మెట్టు పది రెట్లు ఉండేది) మీద గీస్తే నేరుగా గీత రావాలి. రాకపోతే అది ఎక్కడ వంగిందో చూడండి, డిటెక్టర్ జబ్బు అక్కడ తెలుస్తుంది. పైభాగంలో గీత చదునుగా ఉండి తర్వాత సరైన వాలులోకి దిగితే, ఎక్కువ గాఢత దగ్గర మీ డిటెక్టర్ రెండు కణాలను ఒకటిగా లెక్కపెడుతోంది. కింది చివర గీత చదునైపోతే గది గాలి లీకవుతోంది, లేదా తప్పుడు లెక్కలున్నాయి, ఎంత మట్టానికి చదునైందో అదే మీ నేపథ్యం. మధ్యలో మెట్టులా కనిపిస్తే ఎవరో డబ్బాను తాకారు, గోడ మీది కణాలు ఊడాయి. మధ్యభాగపు వాలు మీ డిటెక్టర్‌లోనూ రిఫరెన్స్‌లోనూ ఒకటే అయితే, రెండు గీతల మధ్య దూరం మీ లెక్కింపు సామర్థ్యాన్ని నేరుగా చెప్పేస్తుంది.

వాలు ఎంతుండాలో ముందే లెక్కకట్టుకోవచ్చు. గాలి ఊడ్చే వేగానికి, కణాలు కిందికి దిగే వేగాన్ని డబ్బా ఎత్తుతో భాగించి కలపాలి. 1 మైక్రాన్ గోళం సెకనుకు 0.035 మిల్లీమీటర్లు దిగుతుంది, 40 సెంటీమీటర్ల డబ్బాలో దాని వల్ల వాలు 5 శాతమే పెరుగుతుంది. 5 మైక్రాన్లది సెకనుకు 0.8 మిల్లీమీటర్ల దాకా దిగుతుంది, వాలు రెట్టింపు దాటుతుంది, పదోవంతు కావడానికి 10 నుంచి 11 నిమిషాలే. 10 మైక్రాన్లది సెకనుకు 3 మిల్లీమీటర్లు. కొలిచిన వాలు ఈ లెక్క కన్నా బాగా నిటారుగా ఉంటే గోడలు కణాలను తింటున్నాయి, ఎర్త్ చూసుకోండి.

పైభాగం వంపు గురించి: మీ లేజర్ కిరణంలో డిటెక్టర్ చూసే చోటు ఘనపరిమాణం ఎంతో కొలవండి. అది 1 ఘన మిల్లీమీటరు అయితే సీసీకి 50 కణాల దగ్గర 5 శాతం, 100 దగ్గర సుమారు 10 శాతం లెక్క తప్పిపోతుంది. వెయ్యి దగ్గర సగటున ఎప్పుడూ ఒక కణం లోపలే ఉంటుంది, విడివిడిగా లెక్కపెట్టడం కుదరదు. పొగకు సిగ్నల్ ఎందుకు పైకెళ్లి కూర్చుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. 100 దాకా కొలవాలంటే ఆ ఘనపరిమాణం తగ్గించండి, సాఫ్ట్‌వేర్‌లో సవరించడం తర్వాతి మాట.

రిఫరెన్స్‌గా కాలిబ్రేషన్ గడువు తీరని క్లీన్‌రూమ్ కౌంటర్ ఒకటి అద్దెకు తెచ్చుకున్నా సరే. దానికీ పై హద్దు ఉంటుంది, మాన్యువల్ చూసి ఆ లోపలి అంకెలనే నమ్మండి. గాలి కాలుష్యం చూపే చవక పీఎం సెన్సార్లను రిఫరెన్స్ చేయకండి. వాటిలో చాలావాటి 5, 10 మైక్రాన్ల అంకెలు నేరుగా లెక్కపెట్టినవి కావు, చిన్న కణాలను చూసి అంచనా కట్టినవి. రిఫరెన్స్ చేతిలో ఉన్న రోజున గది గాలిని కూడా రెండింటితో పక్కపక్కనే పెట్టి రాత్రంతా కొలవండి. పైసా ఖర్చులేని ఏరోసాల్ అది.

పెద్ద కణాలు వేరే జాతి. 2, 3 మైక్రాన్లు దాటిన గోళాలను జెట్ నెబ్యులైజర్ సరిగా వదలదు, అవి దాని లోపలి అడ్డుగోడకే కొట్టుకుని ఆగిపోతాయి. పొడి గోళాలను చిన్న రబ్బరు బల్బుతో డబ్బాలోకి ఒక్కసారి ఊదడం నయం. ఎన్ని వెళ్లాయో తెలియకపోయినా తగ్గుదల పద్ధతికి అక్కర్లేదు. గొట్టాలే ఇక్కడ అసలు దొంగలు. 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, మీటరు పొడవు, అడ్డంగా పడుకున్న గొట్టంలో నిమిషానికి 1 లీటరు గాలి వెళ్తే ప్రయాణం 1.7 సెకన్లు. ఆ లోపు 10 మైక్రాన్ల కణం 5 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అంటే అవతలికి చేరేది చాలా కొద్ది. వీలైతే డిటెక్టర్‌నే డబ్బాలో పెట్టేయండి. లేదా గొట్టం నిలువుగా, పొట్టిగా, మలుపు లేకుండా ఉండాలి. ఒక సైజు నుంచి మరో సైజుకు మారేటప్పుడు నూగు వదలని తడిగుడ్డతో డబ్బా తుడవండి.

ఎంతసేపు కొలవాలన్నది లెక్కల సంఖ్యే చెబుతుంది. 100 లెక్కలకు 10 శాతం, 400కు 5 శాతం, 10,000కు 1 శాతం ఊగిసలాట సహజంగానే ఉంటుంది. సీసీకి 1 కణం దగ్గర నిమిషానికి లీటరు పీలిస్తే అరనిమిషంలోపే 400 దాటుతాయి. సీసీకి 0.01 దగ్గర 40 నిమిషాలు కావాలి. మీ డిటెక్టర్ పీల్చిన గాలిలో కొంత భాగమే కిరణం గుండా వెళ్తుంటే ఆ మేరకు సమయం పెంచుకోవాలి.

ఇంకా కింది గాఢతల్లో, పెద్ద సైజుల్లో కచ్చితంగా కావాలంటే ఇంక్‌జెట్ పద్ధతి ఉంది. సెకనుకు ఇన్ని చుక్కలని ఎలక్ట్రానిక్‌గా వదిలితే, ఒక్కో చుక్క ఆరి ఒక్కో కణం అవుతుంది. జపాన్‌లోని జాతీయ పరిశోధన సంస్థ ఏఐఎస్‌టీ దీన్ని కణాల సంఖ్యకు ప్రమాణంగా వాడేంత దాకా తీసుకెళ్లింది. మీ ప్రశ్నలో అడిగిన 'తక్కువ కణాలు పుట్టించే జనరేటర్' అంటే నిజానికి ఇదే. సెకనుకు 100 కణాలు, నిమిషానికి 6 లీటర్ల గాలి అంటే సరిగ్గా సీసీకి 1. ఇంట్లో కట్టడం అసాధ్యం కాదు కానీ, చుక్క దారి తప్పకుండా ఆరబెట్టి కిందికి దించడంలో ఓపిక చాలా పోతుంది. మొదటి ప్రయోగానికి నేను చెప్పను. 1973లో పరిశోధకులు బెర్గ్‌లండ్, లియు చెప్పిన కంపించే రంధ్రం పద్ధతి (రంధ్రంలోంచి వచ్చే ద్రవాన్ని కంపనంతో సమానమైన చుక్కలుగా తెంచేది) ఒకేసైజు కణాలిస్తుంది, అయితే రంధ్రం మూసుకుపోవడంతో సహనం పరీక్షిస్తుంది.

చివరగా సైజు గురించి. పీఎస్‌ఎల్‌తో కాలిబ్రేట్ చేశాక మీ డిటెక్టర్ ఏ కణాన్ని చూసినా 'ఇంత సైజు పీఎస్‌ఎల్ అంత వెలుగు' అనే చెబుతుంది. ఉప్పు వక్రీభవన గుణకం 1.54, ఫిల్టర్ పరీక్షల్లో వాడే డీఈహెచ్‌ఎస్ నూనెది 1.45. నూనె చుక్క నిజం సైజు కన్నా చిన్నగా కనిపించడం మామూలే. ఇంకా చిక్కేమిటంటే, 1 మైక్రాన్ దగ్గర్లో సైజు పెరిగినా వెలుగు పెరగకుండా ఊగిసలాడే చోట్లుంటాయి. అక్కడ చానల్ గీత పెట్టకండి. ఐఎస్‌ఓ 21501-4 ప్రమాణం క్లీన్‌రూమ్ కౌంటర్లకు పెట్టిన పరీక్ష మీకూ మంచి లక్ష్యం: అతి చిన్న సైజు దగ్గర లెక్కింపు సామర్థ్యం 50 శాతానికి 20 అటూఇటూ, దానికి ఒకటిన్నర నుంచి రెండింతల సైజు దగ్గర 100కి 10 అటూఇటూ. మీ 0.3 చానల్‌కు 0.3 గోళాలు, 0.5 గోళాలు, ఈ రెండు సీసాలు కొంటే మొదటి విడతకు సరిపోతుంది. తగ్గుదల గీతను ఎవరికైనా చూపించేటప్పుడు దాంతోపాటు సున్నా పరీక్ష, ఉత్త నీటి బ్లాంక్ అంకెలు కూడా పెట్టండి, అవి లేకుండా గీత కింది చివర ఎందుకు వంగిందో ఎవరూ చెప్పలేరు.